నాలుగు మూలల చాటింపు

ఎలిహియో పోయి నాలుగు రోజులైంది. ఇంకా ఇంట్లోనే ఉన్నాడు.

కొండమీది ఊరు, డిసెంబరు చలి కాబట్టి సరిపోయింది గాని, అదే కింద సముద్రతీరం వైపైతే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. వెనక గదిలో బల్లమీద పడుకోబెట్టి, చుట్టూ సున్నం గిన్నెలు పెట్టి, తల్లి కసిమిరా కిటికీ తలుపులు బార్లా తెరిచి ఉంచింది. తీరా తెరిచాక కొడుక్కి చలేస్తుందేమోనని తనే వెళ్లి ఉన్ని దుప్పటి కప్పింది. నాలుగో రోజుకి దుప్పటీ సున్నమూ ఏమీ దాచలేకపోయాయి. పరామర్శకొచ్చిన పక్కింటివాళ్లు శాలువా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గుమ్మంలోంచే రెండు మాటలు చెప్పి వెళ్లిపోతున్నారు.

పూడ్చడానికి చోటు లేక కాదు. సాంతా రీతా ఊళ్లో శ్మశానం చర్చి ప్రహరీ లోపలుంది. దాని తాళంచెవి పాద్రీ మెల్చోర్ నడుముకుంది. ఆయన ఇవ్వనన్నాడు.

"ఆ రాజ్యాంగానికి ప్రమాణం చేసి, వెనక్కి తీసుకోకుండా చచ్చినవాడు గొడ్డుతో సమానం. గొడ్డును ఎక్కడ పూడుస్తారో అక్కడే పూడ్చుకోండి," అన్నాడు.

ఆ మాట ఆయనొక్కడి సొంతమూ కాదు. దేశంలో బిషప్పులంతా కూడబలుక్కుని అన్నదే. అటు ప్రభుత్వం మాట ఇంకోటి. ఆ వసంతకాలంలో చర్చి అధికారాలకి కోతపెట్టే కొత్త రాజ్యాంగం వచ్చింది. ప్రతి ఉద్యోగీ బైబిలు మీద చెయ్యి వేసి దానికి ప్రమాణం చెయ్యాలి, చెయ్యనివాడు ఇంటికి పోవాలి. చేసి వెనక్కి తీసుకున్నవాడు రాజద్రోహి. పైనున్న పెద్దలకేం, వాళ్లు ఒకరి మీద ఒకరు కాగితాలు విసురుకుంటారు. మధ్యలో నలిగి చచ్చేది బడిపంతులు, జైలు కాపలావాడు, చాటింపువాడు. రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవకూడదంటారు. వీళ్లు తలలు పెట్టలేదు మహాప్రభో, పట్టి పెట్టించారు.

చచ్చిపోయిన ఎలిహియో జైలు కాపలావాడు. వాడి తమ్ముడు లిబ్రాదో కూడా అంతే. తండ్రి తిబుర్సియో ఊరి చాటింపువాడు.

తిబుర్సియోకి చదువు రాదు. కచేరీ గుమాస్తా కాగితం రెండుసార్లు చదివితే చాలు, అది ఎంత పొడుగు శాసనమైనా సరే, టముకు మెడకి తగిలించుకుని వెళ్లి నాలుగు మూలల్లోనూ అప్పజెప్పేవాడు. మొదటి మూల కచేరీ ముందు. రెండోది సంత దగ్గర. మూడోది కల్లు దుకాణం. నాలుగోది చర్చి మెట్లు. ఈ వరస మారకూడదు. నాలుగు మూలల్లోనూ పడ్డ మాట జరిగిన మాట. మూడు మూలల్లో పడి ఆగిందంటే అసలు పడనట్టే లెక్క. ముప్ఫై మూడేళ్లలో ఒక్క మాట పోనీలేదు, ఒక్క మాట చేర్చలేదు. పన్ను పెంచారని చాటినప్పుడు ఎవరైనా తిడితే, "నన్నెందుకు తిడతారు? నోరు నాది కాదర్రా, ఊరిది," అని నవ్వేసేవాడు. ఆ నవ్వులో గర్వం ఉండేది, లేదనను.

రాజ్యాంగాలే ఐదు చాటాడు. మొదటిది చాటినప్పుడు పెళ్లికాని కుర్రాడు. స్పెయిన్ రాజు పీడ విరగడైందని ఊరంతా చిందులేసింది, అధికారులు వెండి నాణేలు జనం మీద చల్లారు. రెండోది వచ్చి రాష్ట్రాల్లేవు, అన్నీ జిల్లాలే అంది. అది చాటిన ఏడే టెక్సాస్ ఊడిపోయింది. మూడోది ఎందుకొచ్చిందో చెప్పగలిగినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. నాలుగోది కొత్తదేం కాదు, మొదటిదాన్నే దుమ్ము దులిపి తెచ్చారు. అప్పటికి అమెరికా సైన్యం రాజధాని తలుపు తడుతోంది. మరుసటేడు సగం దేశం వాళ్లకి రాసిచ్చారన్న ఒప్పందం కూడా తిబుర్సియోనే చాటాడు, నాలుగు మూలల్లోనూ, ఒక్క మాట పోకుండా. విన్నవాళ్లు ఏడ్చారు. ఆయన ఏడవలేదు. ఆయన మెదడులో మాటలు పడతాయి తప్ప మాటల అర్థం పడదు. అర్థం చూసుకుంటూ చాటేవాడు తడబడతాడని ఆయన సిద్ధాంతం.

ఐదో రాజ్యాంగం ప్రమాణానికి ఎలిహియో ముందు ఒప్పుకోలేదు. వాడు భక్తిపరుడు, శుక్రవారం మాంసం ముట్టడు.

"ఒరేయ్, ఇది ఐదోదిరా," అన్నాడు తండ్రి. "నాలుగింటిని నా చేత్తో సాగనంపాను. ఇదీ పోతుంది. చెయ్యి పెట్టి 'చేస్తున్నాను' అనెయ్, పీడా వదిలిపోద్ది."

"పాద్రీగారు శాపం పెడతానన్నారు నాన్నా."

"శాపం తర్వాత. ముందు తాడు సంగతి చూసుకో."

తాడు అంటే ఆ ఊళ్లో పిల్లాడికి కూడా తెలుసు. ఉద్యోగంలేని మగవాళ్లని వీధుల్లో పట్టుకుని, ఒకే తాడుకి వరసగా కట్టి, సైన్యంలోకి నడిపించుకుపోతారు. తిబుర్సియో తమ్ముడు పాన్ఫిలో టెక్సాస్ యుద్ధానికి అలాగే పోయాడు, ఎడారి మంచులో ఎక్కడో పడిపోయాడట. జైలు కాపలావాళ్ల జోలికి తాడు రాదు. అందుకని కొడుకులిద్దర్నీ కాళ్లావేళ్లా పడి జైల్లో పెట్టించాడు. కాపలాకి లెండి, ఖైదుకి కాదు. ఇద్దరి చేతా ప్రమాణం చేయించింది కూడా తనే.

ఇక ఎలిహియో పోయిన తీరు చెప్పాలి. అది చెప్పకపోతే తిబుర్సియో ఆ నాలుగు రోజులూ గోడవైపు తిరిగి ఎందుకు కూర్చున్నాడో తెలీదు.

జైలు రాతినేల మీద పడుకుని పడుకుని వాడికి ఊపిరితిత్తుల జ్వరం పట్టుకుంది. మూడో నాటికి ఎగశ్వాస. మధ్యాహ్నం పూట పాద్రీ వచ్చాడు, చేతిలో చావబోయేవాడి నుదుట రాసే నూనె సీసా ఉంది కాని మూత తియ్యలేదు. "ముందు ప్రమాణం వెనక్కి తీసుకో. ఇద్దరు సాక్షుల ముందు, గట్టిగా," అన్నాడు. ఎలిహియో నోరు తెరిచాడు. ఇంట్లో ఉన్న మగవాళ్లు ఇద్దరే, తండ్రీ తమ్ముడూ. అలా వెనక్కి తీసుకోవడానికి సాక్షి నిలబడ్డ ఉద్యోగిని ఆ రోజే పీకి తాడుకి కడతానని హెఫే ఊళ్లో చెప్పి ఉన్నాడు. హెఫే అంటే ఆ ప్రాంతానికి ప్రభుత్వం పెట్టిన అధికారి, దోన్ ప్లాసిదో. తిబుర్సియోకి తన సంగతి పట్టలేదు, ముసలాణ్ణి ఏ తాడుకి కడతారు? లిబ్రాదో కళ్లముందు కనబడ్డాడు.

అందుకని కొడుకు తెరిచిన నోటిమీద చెయ్యి పెట్టాడు. "ఆగు నాయనా, ఒక్క గంట ఆగు. సర్కారు కొలువులేని సాక్షుల్ని ఇద్దర్ని పిలుచుకొస్తాను," అని వీధిలోకి పరిగెత్తాడు. పొయ్యి దగ్గర కూర్చున్న కుమ్మరిని అడిగాడు, నాకెందుకొచ్చిన గొడవన్నాడు. మంగలి అసలు తలుపే తియ్యలేదు. గంట తర్వాత ఒంటరిగా తిరిగొచ్చేసరికి పాద్రీ నూనె సీసా సంచిలో పెట్టుకుంటున్నాడు. కసిమిరా కొడుకు దవడకి గుడ్డ కడుతోంది.

నాలుగో రోజు పొద్దున తిబుర్సియో పాద్రీ దగ్గరికి వెళ్లి మోకాళ్లమీద కూలబడ్డాడు.

"మావాడు అనబోయాడు పాద్రీగారూ. నేనే నోరు మూశాను. ఆ పాపం నాకు పెట్టండి, వాణ్ణి లోపలికి రానివ్వండి."

"అనబోవడం వేరు, అనడం వేరు," అన్నాడు మెల్చోర్, చాక్లెట్ గిన్నెలో రొట్టె ముంచుకుంటూ. తర్వాత ఆయనకేదో తట్టింది. రొట్టె పక్కన పెట్టాడు. "అయితే ఒక దారుంది. మొన్న వసంతంలో ఆ రాజ్యాంగాన్ని చాటింది నువ్వే కదా? అదే టముకుతో, అవే నాలుగు మూలల్లో, నీ కొడుకు ప్రమాణం వెనక్కి తీసుకున్నాడని చాటు. ఊరు వినాలి. ఇంకా ప్రమాణాలు చేసి కూర్చున్నవాళ్లు ఉన్నారు చూడు, వాళ్లు మరీ వినాలి. చాటావా, గంటలు కొట్టించి మరీ పూడుస్తాను."

"కాని వాడు... తీసుకోలేదు కదండీ."

"నువ్వు చాటితే తీసుకున్నట్టే. నాలుగు మూలల్లో పడ్డ మాట జరిగిన మాట అంటావుగా?"

ముప్ఫై మూడేళ్లుగా తిబుర్సియో చెప్పుకున్న గొప్పే అది.

పాద్రీ చాటింపు పాఠం రెండుసార్లు చదివాడు. రెండోసారి అవగానే ముసలాయన చేతులు జోడించాడు. "పాద్రీగారూ, అందులో చిన్నవాడి పేరుంది. లిబ్రాదో ఎదుట అని. అది తీసెయ్యండి, మీ కాళ్లు పట్టుకుంటాను. ఆ హెఫే వాణ్ణి తాడుకి కడతాడు."

"ఇద్దరు సాక్షులు లేకుండా చర్చి ఒప్పుకోదు. నేనేం చెయ్యను?" మెల్చోర్ మూతి తుడుచుకున్నాడు. "అయినా భయమెందుకయ్యా? నాకు ఉత్తరాలొస్తున్నాయి. ఈ రాజ్యాంగం క్రిస్మస్ చూడదు."

"అలాగైతే క్రిస్మస్ దాకా ఆగుతానండీ."

"ఆగు మరి. నీ కొడుకు ఆగుతాడా?"

కిటికీలోంచి గాలి ఇటే వీస్తోంది. తిబుర్సియో ఇల్లు చర్చికి రెండు వీధుల అవతలే. పాద్రీ ముక్కు దగ్గర చెయ్యి ఊపుకున్నాడు.

ఇంటికొచ్చి అంతా చెప్పాడు. కసిమిరా ఏడవలేదు. ఆవిడ కన్నీళ్లు రెండో రోజుకే అయిపోయాయి. మొక్కజొన్న రొట్టె కాలుస్తూ ఆలోచించి, చిటికెలో దారి చెప్పింది.

"ఏవయ్యా, ఇంత బతుకూ బతికి ఇంటెనక చచ్చినట్టు, దీనికి బెంబేలెత్తుతావేం? పాద్రీ ఎక్కడుంటాడు? చర్చి మెట్లమీద, నాలుగో మూలలో. హెఫే ఎక్కడుంటాడు? కచేరీలో, మొదటి మూలలో. మొదటి మూడు మూలల్లోనూ చిన్నవాడి పేరు రాగానే టముకుమీద గట్టిగా నాలుగు దెబ్బలు వెయ్యి. ఆ మోతలో పేరు మింగెయ్యి. నాలుగో మూలలో పాద్రీ వినేలా చెప్పు, సరిపోద్ది. హెఫే నీ వెనకాల చర్చి దాకా వస్తాడా? ఆ మెట్లు తొక్కి పదేళ్లయింది వాడు."

"మింగడమా?" అన్నాడు తిబుర్సియో.

"మింగడమే. ఒక్క పేరు. పెళ్లిలో చారు మింగినంత సులువు."

లిబ్రాదో గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. వాడికి ఇరవై రెండేళ్లు, అన్నలా నెమ్మది మనిషి కాదు. "నాన్న మింగుతాడా? మొన్న జ్వరంలో పలవరిస్తూ మేకల పన్ను శాసనం మొదట్నించి చివరిదాకా అప్పజెప్పాడు," అని నవ్వాడు. ఆ ఇంట్లో నాలుగు రోజుల తర్వాత వినబడ్డ నవ్వు అదొక్కటే. "చాటు నాన్నా. అన్న అలా పడి ఉంటే నేను చూడలేను. మింగితే మింగు, లేకపోతే లేదు," అని జైలు డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం తిబుర్సియో టముకు తగిలించుకున్నాడు. దారంతా సాధన చేశాడు. తన తమ్ముడు, జైలు కాపలాదారుడు... అనగానే దెబ్బలు. ధన్ ధన్ ధన్ ధన్. మళ్లీ. మళ్లీ. ఇంటి దగ్గర్నించి కచేరీ ముందున్న చౌకు దాకా పదిసార్లు మింగాడు, పదిసార్లూ కుదిరింది.

కచేరీ ముందు నిలబడి మూడు దెబ్బలు వేశాడు. కాయగూరల వాళ్లు చుట్టూ చేరారు. పైన వసారాలో హెఫే ప్లాసిదో నారింజపండు ఒలుచుకుంటూ కనబడ్డాడు. కసిమిరా స్తంభం పక్కన నిలబడింది. తిబుర్సియో గొంతు సవరించుకుని మొదలెట్టాడు.

"సాంతా రీతా పురజనులందరికీ తెలియజేయడమేమనగా! నా కుమారుడు ఎలిహియో ఆయలా, దైవవిరుద్ధమైన రాజ్యాంగమునకు తాను చేసిన ప్రమాణమును, మరణించుటకు ముందు, తండ్రినైన నా ఎదుటను, తన తమ్ముడు, జైలు కాపలాదారుడు..."

ఇక్కడ టముకు కొట్టే పుల్ల లేవాలి. లేవలేదు. నోరు ఆడుతుండగా చెయ్యి ఆడకూడదని ముప్ఫై మూడేళ్లు ఆ చేతికి నేర్పింది ఆయనే. జనం చుట్టూ చేరి, మొహాలు ఎత్తి, చెవులు రిక్కించి నిలబడేసరికి ఆ నోరు ఇంట్లో తిబుర్సియోది కాదు, ఊరి చాటింపువాడిది అయిపోయింది. అది ఎవరి మాటా వినదు. అది స్పష్టంగా, అక్షరం అక్షరం విడదీసి, చివర్న రాగం కూడా తీసి పలికింది.

"...లిబ్రాదో ఆయలా ఎదుటను, మనస్ఫూర్తిగా వెనక్కి తీసుకొనెను!"

పలికాక దెబ్బలు వేశాడు. నాలుగు. అప్పుడెందుకు, ఎవరిని ఉద్ధరించడానికి? కసిమిరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మరుక్షణం కచేరీ కిందనున్న జైలు తలుపు దగ్గరికి పరిగెత్తి రెండు చేతులతో బాదింది. "చిన్నోడా! వెనక గోడ దూకరా! దూకరా నాయనా!" తలుపు లోపల్నించి గడియ వేసుంది. గడియ వేయించింది హెఫే. పేరు చెవిన పడగానే ఆయన వేలు ఎత్తడమే ఆలస్యం, మనుషులు కదిలారు. జైలు ఆయన కాళ్ల కిందే ఉందాయె.

తిబుర్సియో నోరు వెళ్లబెట్టి నిలబడిపోయాడు. పైనుంచి ప్లాసిదో నారింజ గింజ ఉమ్మి పలకరించాడు.

"ఏం ముసలాయనా, ఆగిపోయావేం? ఇంకా మూడు మూలలున్నాయిగా. పూర్తి చెయ్. సగం చాటింపు నా ఊళ్లో చెల్లదు."

"దొరా, వాడికేం తెలీదు దొరా. పాద్రీగారు చెప్పమన్నారు, అది అబద్ధం..."

"అబద్ధమా? నువ్వు చాటావు గదయ్యా! నువ్వు అబద్ధం చాటడం ఈ ఊళ్లో ఎవరైనా ఎరుగుదురా?" జనంకేసి తిరిగాడు. "ఎరుగుదురా అమ్మా?"

ఎవరూ ఎరగరు మరి.

అప్పుడాయన చెయ్యగలిగింది ఏముంది? ఆగిపోతే పెద్దవాడు ఇంట్లోనే కుళ్లిపోతాడు, చిన్నవాడు ఎలాగూ పోయాడు. సంత మూలకి నడిచాడు. అక్కడ చాటాడు. కల్లు దుకాణం దగ్గర చాటాడు, తాగుబోతులు కూడా గిన్నెలు దించి విన్నారు. చర్చి మెట్ల దగ్గర చాటాడు. ఇప్పుడు పేరు దాచాల్సిన పని లేదు కాబట్టి ఎక్కడా తడబడలేదు. పాద్రీ మెల్చోర్ తల ఊపుతూ విని, చివర్న శిలువ గుర్తు వేసుకుని, నడుముకున్న తాళంచెవి తీశాడు.

పాద్రీ మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి. మర్నాడు పొద్దున గంటలు కొట్టించి మరీ పూడ్చాడు. శవపేటిక చర్చి వీధిలోకి మలుపు తిరుగుతుంటే ఎదురుగా తాడు వచ్చింది. పదకొండు మంది. మూడోవాడు లిబ్రాదో. చేతులు ముందుకు కట్టేసి ఉన్నాయి, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. వీధి ఇరుకు. పేటిక మోసేవాళ్లు గోడకి ఒదిగి దారిచ్చారు. చచ్చినవాడు ఆగి బతికున్నవాణ్ణి పోనిచ్చాడు.

"నాన్నా!" అన్నాడు లిబ్రాదో. "నా పేరు భలే పలికావట. లోపల ఖైదీలు కూడా మెచ్చుకున్నారు."

తిబుర్సియో పేటిక మీద చెయ్యి ఆనించాడు.

"అన్నని తొందరగా పూడ్చండి. వాసనొస్తున్నాడు," అని వాడు ఇంకేదో నవ్వులాట ఆడబోయాడు గాని మూతి వంకర తిరిగిపోయింది. కసిమిరా పరిగెత్తుకెళ్లి చొక్కాలో రొట్టెల మూట దోపింది. సిపాయి తుపాకీ మడమతో ఆవిణ్ణి పక్కకి నెట్టాడు. "గుప్పెడు మట్టి వేసొస్తాడు బాబూ, ఇక్కడే, పది అడుగులు," అని బతిమాలింది. తాడు కదిలింది. ఒకడు కదిలితే పదకొండు మందీ కదలాల్సిందే. చర్చి గంటలు అలా మోగుతూనే ఉన్నాయి.

తర్వాత ఆ ఇంట్లో మాటల్లేవు. టముకు కచేరీవాళ్లు లాక్కున్నారు. కసిమిరా రొట్టె చేసి ముందు పడేసేది, అంతే. ఒక్కరోజు మాత్రం నోరు తెరిచింది. "ముప్ఫై మూడేళ్లలో ఎంతమంది బతుకులు మింగావయ్యా ఆ నోటితో. కన్నకొడుకు పేరు ఒక్కటి మింగలేకపోయావా?" ఆయన గోడవైపు తిరిగాడు. ఆ గోడకి ఆయన ముఖం అలవాటైపోయింది.

రెండు వారాలు కూడా తిరగలేదు, కచేరీనుంచి మనిషొచ్చాడు. దొరగారు రమ్మంటున్నారు, టముకు తిరిగిస్తారట, ఆ పాఠాలు పట్టగలిగినవాడు ఇంకెవడూ దొరకలేదట.

వెళ్లేసరికి వసారాలో హెఫే ప్లాసిదో, పాద్రీ మెల్చోర్ ఒకే బల్ల దగ్గర కూర్చుని చాక్లెట్ తాగుతున్నారు. పదేళ్లుగా ఒకరి నీడ ఒకరు తొక్కనివాళ్లు. హెఫే టోపీకి రిబ్బను రంగు మారింది. గుమాస్తా మొదటి కాగితం చదివాడు. రాజధానిలో సైన్యం తిరగబడింది. రాష్ట్రపతి కూడా వాళ్లతోనే కలిశాడు. ఐదో రాజ్యాంగం ఇక లేదు. దానికి ఎవరు చేసిన ప్రమాణమూ చెల్లదు, అసలు చేయనట్టే. కాబట్టి దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోనక్కర్లేదు.

జీవితంలో మొదటిసారి తిబుర్సియో మెదడులో మాటతోపాటు అర్థం కూడా పడింది.

"తీసుకోనక్కర్లేదా?" అన్నాడు. "పాద్రీగారూ, మరి మావాడు? ఇంకో పది రోజులు ఆగుంటే..."

"దైవేచ్ఛ," అన్నాడు మెల్చోర్, గిన్నెలోకి చూస్తూ.

"దొరా, అలాగైతే చిన్నవాణ్ణి వెనక్కి పంపించండి దొరా. ఆ ప్రమాణమే లేదన్నప్పుడు వాడు చేసిన తప్పేంటి?"

"తప్పా? తప్పెవరన్నారు? ఈ ప్రభుత్వానికి సిపాయిలక్కర్లేదా?" ప్లాసిదో విసుక్కున్నాడు. "తాడు అదే తాడు. పట్టుకున్న చెయ్యి మారింది, అంతే. ఇక ఆ రెండో కాగితం కూడా విను, రెండూ కలిపి చాటాలి."

గుమాస్తా కాగితం మార్చాడు. సాంతా రీతానుంచి పోయిన తాడులోంచి దారిలో పారిపోబోయి పట్టుబడి, కాల్చివేయబడినవారు నలుగురు. వారి పేర్లు ఊళ్లోని మగవాళ్లకి హెచ్చరికగా చాటవలెను. ఫావుస్తో రింకోన్. సెవెరో బాందా. గుమాస్తా ఒక్క క్షణం ఆగి, తలెత్తకుండా మూడోది చదివాడు. నాలుగోది చదివాడు. మళ్లీ మొదట్నించి రెండోసారి చదివాడు, అలవాటు ప్రకారం.

తిబుర్సియో టముకు మెడకి తగిలించుకున్నాడు. మెట్లు దిగుతుంటే కాళ్లు వాటంతటవే మొదటి మూలకి నడిచాయి. ఎందుకు నిరాకరించలేదని మీరడగచ్చు. ఆయన్నే అడిగితే ఏమనేవాడో నాకు తెలీదు. చౌకులో కసిమిరా ఉందని కిందికి దిగాకే చూశాడు. ప్రభుత్వం మారిందట, తాళ్లు విప్పుతారట అని సంతలో ఎవరో అంటే పరుగున వచ్చింది. చేతిలో లిబ్రాదో చలికోటు ఉంది. ఉతికి, చిరుగు కుట్టి, మడత పెట్టి తెచ్చింది, ఎవరైనా అటు పోతుంటే పంపిద్దామని.

మొదటి కాగితం చాటాడు. జనంలో గుసగుసలు బయల్దేరాయి. కసిమిరా మొహం వెలిగింది, దగ్గరికి జరిగి భర్త మోచెయ్యి పట్టుకుంది. తాడు పోయిన రోజు తర్వాత ఆవిడ ఆయన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

మళ్లీ మూడు దెబ్బలు వేసి రెండోది ఎత్తుకున్నాడు.

"...కాల్చివేయబడినవారు! ఫావుస్తో రింకోన్! సెవెరో బాందా!"

అప్పుడు పుల్ల లేచింది. ధన్ ధన్ ధన్ ధన్. ఎంత గట్టిగా అంటే కచేరీ కప్పుమీది పావురాలు లేచిపోయాయి. ఆ మోతలో ఆయన పెదవులు కదిలాయో లేదో పక్కనున్న కసిమిరాకి కూడా తెలీలేదు. "అమాదోర్ ఫ్లోరెస్!" అని నాలుగో పేరు చాటి ఆపేశాడు.

రింకోన్ వాళ్ల ఇల్లాలు నేలమీద కూలబడి శోకాలు మొదలెట్టింది. కసిమిరా అటు చూసి శిలువ గుర్తు వేసుకుని, భర్త చెవి దగ్గర గొంతు తగ్గించి అడిగింది.

"మనవాడి పేరు లేదు కదా?"

"లేదు," అన్నాడు తిబుర్సియో.

"లేదులే, నేను విన్నాను. మనవాడు పారిపోయే రకం కాదు, మాటలు చెప్పి నవ్వించే రకం." ఆవిడ కళ్లు తుడుచుకుంది, కోటు గుండెకి హత్తుకుంది. "ఇంటికి రా. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు నువ్వు. మొక్కజొన్న జావ కాస్తాను. మిగిలిన మూలలు సాయంత్రం చాటుకోవచ్చు."

పైనుంచి హెఫే గొంతు వినబడింది. వసారా కటకటాల మీద మోచేతులు ఆన్చి, గుమాస్తా చేతిలోంచి తీసుకున్న కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు.

"ఏమయ్యా ముసలాయనా! నేనిచ్చింది నాలుగు పేర్లు. మూడే వినబడ్డాయి. మధ్యలో ఆ మోతేమిటి? మొదట్నించీ మళ్లీ చెప్పు."

జనం మొహాలు ఎత్తి, చెవులు రిక్కించారు. తిబుర్సియో టముకుమీద మూడు దెబ్బలు వేసి నోరు తెరిచాడు. కసిమిరా ఇంకా ఆయన మోచెయ్యి వదల్లేదు.